కష్టములలో కెప్లరు కనుగొన్న సౌందర్యము

1577వ సంవత్సరమున యూరపు ఖండపు ఆకాశములో ఒక గొప్ప తోకచుక్క పొడసూపెను. జర్మనీలోని వుర్టెంబర్గు సీమలో లియోన్‌బెర్గ్ అను చిన్న పట్టణము కలదు. ఆ పట్టణపు తల్లి యొకతె, ఆరేండ్లు నిండని తన కుమారుని చేయి పట్టుకొని ఒక ఎత్తైన చోటికి తీసికొనిపోయి ఆ తోకచుక్కను చూపెను. ఆ కాలమున తోకచుక్క యన్నచో జనులకు గుండెలు జల్లుమనెడివి. రాజులకు కీడనియు, దేశమునకు కరవనియు తలుపులు మూసికొనెడివారు. ఈ తల్లి మాత్రము తలుపు తీసి, బిడ్డను వెలుపలికి తీసికొనిపోయెను. ఆమె చదువుకొన్నది కాదు. ఆకులలములతో మందులు నూరి ఇచ్చునది. నోటి దురుసుతనముచేత ఇరుగుపొరుగువారితో పడనిది. ఆమె పేరు కాథరీనా. ఆ బాలుడు యోహానెస్ కెప్లరు.

ఈ దృశ్యమును పాఠకులు మరువకుందురుగాక. నలువదేండ్ల పిదప ఆ తల్లిపై పడిన అభియోగమును చెప్పునప్పుడు దీనితో పని కలదు.

కెప్లరు 1571వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన వైల్ డెర్ ష్టాట్ అను ఊరిలో, నెలలు నిండకయే జన్మించెను. నాలుగేండ్ల ప్రాయమున మశూచి సోకి, ప్రాణము దక్కినను చూపు చెడెను. ఒక వస్తువు ఆయన కంటికి పెక్కు వస్తువులుగా కనబడెడిది. చేతులు సైతము దెబ్బతిని చురుకుదనము కోల్పోయెను. తండ్రి హైన్రిఖ్ కూలికి యుద్ధము చేయు సిపాయి. ఏ రాజు జీతమిచ్చిన ఆ రాజు పక్షమున పోరాడుటకు పోవుచు, ఇంట నిలువక, కొన్నాళ్ళకు తిరిగిరాకయే పోయెను. అయినను ఆ తండ్రియు ఒక మేలు చేసెను. 1580లో చంద్రగ్రహణము పట్టిన రాత్రి కుమారుని ఆరుబయటికి పిలిచి, ఎఱ్ఱబారిన చంద్రుని చూపెను. బిడ్డకు ఆస్తి ఏమియు ఇయ్యలేని ఆ దంపతులు చెరియొక రాత్రిని ఇచ్చిరి. ఆకాశశాస్త్రమునకు కావలసినవి మంచి కన్నులు. అవి లేని బాలునకు ఆకాశముపై మనసు కుదిరెను.

వుర్టెంబర్గు ప్రభువులు తెలివిగల పేద బాలురకు ఉపకార వేతనములిచ్చి చదివించెడివారు. ఆ దయచే కెప్లరు 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. మతాచార్యుడు కావలెనని ఆయన కోరిక. అచ్చట మేస్ట్లిన్ అను గురువు, సూర్యుడు నడుమనుండగా భూమి తిరుగుచున్నదను కోపర్నికస్ సిద్ధాంతమును బోధించెను. శిష్యుని మనస్సులో అది నాటుకొనెను. చదువు ముగియకముందే, 1594లో, ఆస్ట్రియా దేశపు గ్రాట్జ్ నగరమున గణితము చెప్పు పని ఖాళీ పడుటచే పెద్దలు ఆయననక్కడికి పంపిరి. ఆయన బోధన విద్యార్థులకు రుచింపలేదు. మొదటి ఏడు ఆయన తరగతిలో కొలదిమందియే కూర్చుండిరి. రెండవ ఏట ఒక్కరును రాలేదు. ఉపాధ్యాయ వృత్తిలోనున్నవారు ఈ సంగతిని కొంత ఊరటతో చదువవచ్చును.

బడిలో జీతము చాలనందున ఆయన ఏటేట పంచాంగము కూడ వ్రాయవలసివచ్చెను. 1595వ సంవత్సరపు పంచాంగములో గడ్డుచలియు, తురుష్కుల దండయాత్రయు కలుగునని వ్రాయగా రెండును జరిగెను. పట్టణమున ఆయనకు పేరు వచ్చెను. ఆయన మాత్రము అట్టి ఫలములను గొప్పగా తలంపలేదు. మరుసటి యేడు ప్రకటించిన తన మొదటి గ్రంథమున గ్రహముల దూరములకును అయిదు ఘనరూపములకును సంబంధము కల్పించెను. ఆ సిద్ధాంతము నిలువలేదు గాని, లెక్కలలో ఆ యువకుని చేవ దేశదేశముల పండితులకు తెలిసెను.

1597లో బార్బరా అను వితంతువును వివాహమాడెను. మొదటి బిడ్డ రెండు నెలలు, రెండవ బిడ్డ నెలకు పైచిలుకు మాత్రమే బ్రతికిరి. 1600లో, ప్రభువు మతమును స్వీకరింపనివారందఱు నగరమును విడువవలెనని ఆజ్ఞ వెడలెను. కెప్లరు మతము మార్చుకొనక, భార్యను సవతికూతురు రెజీనాను వెంటబెట్టుకొని ప్రాగ్ నగరమునకు పోయెను. అక్కడ చక్రవర్తి రెండవ రుడాల్ఫు ఆస్థానమున టైకో బ్రాహీ అను డెన్మార్కు ప్రభుకుటుంబీకుడు జ్యోతిశ్శాస్త్రవేత్తగా ఉండెను. దూరదర్శినులు లేని దినములలో ఆయన వంటి నిశితమైన చూపు మఱియొకరికి లేదు. ఏండ్ల తరబడి గ్రహముల ఉనికిని కొలిచి వ్రాసి పెట్టుకొనెను. కన్నులు టైకోవి, లెక్క కెప్లరుది. ఇద్దఱి కలయిక ఏడాదిన్నరకు పైగా, తగవులతోడనే సాగి, 1601 అక్టోబరులో టైకో మరణముతో ముగిసెను. ఆ పదవి కెప్లరుకు వచ్చెను. గౌరవము గొప్పది. జీతము కాగితముపైననే నిలుచునది.

టైకో అప్పగించిన పని కుజగ్రహపు మార్గమును కనిపెట్టుట. గ్రహములు వృత్తములోనే తిరుగునని రెండువేల యేండ్లుగా లోకము నమ్మియుండెను. కెప్లరు ఒకే లెక్కను డెబ్బది మార్లు తిరుగవేసి, ఒక వృత్తమును కుదిర్చెను. తుదకు టైకో కొలతలకును తన లెక్కకును ఎనిమిది కలల భేదము కనబడెను. కల యన డిగ్రీలో అరువదవ భాగము. ఎనిమిది కలలనగా పున్నమి చంద్రబింబపు వెడల్పులో సుమారు నాల్గవ వంతు. మఱియొకరైనచో కొలతలో పొరపాటని త్రోసివేసియుందురు. టైకో అంత పొరపడువాడు కాడని ఈయన యెఱుగును. కనుక చేసిన దానినంతయు పారవేసి మొదటికి వచ్చెను. వృత్తము పోయి దీర్ఘవృత్తము వచ్చెను. గ్రహము దీర్ఘవృత్తమున తిరుగుననియు, సూర్యుడు దాని రెండు నాభులలో ఒకదానియందుండుననియు, గ్రహము సూర్యునికి దగ్గరైనప్పుడు వేగము హెచ్చి, దూరమైనప్పుడు తగ్గుననియు తేల్చి 1609లో ప్రకటించెను.

దీనికి ముందే 1604లో కాంతినిగూర్చి ఒక గొప్ప గ్రంథము వ్రాసెను. కంటి లోపలి పొరపై బింబము తలక్రిందుగా పడుననియు, హ్రస్వదృష్టి గలవానికి కటకము ఎట్లు తోడ్పడుననియు సరిగా వివరించిన మొదటివాడు ఆయనయే. కళ్ళద్దములు అప్పటికి మూడు శతాబ్దములుగా వాడుకలోనున్నవి. అవి యెట్లు పనిచేయునో చెప్పుటకు మశూచిచే చూపు చెడినవాడు రావలసివచ్చెను.

ఒక శీతకాలమున కెప్లరు ప్రాగ్ నగరపు వంతెనపై నడచుచుండెను. తన్ను ఆదరించు మిత్రుడొకరికి నూతన సంవత్సరపు కానుక ఏదైన ఇయ్యవలెనని మనస్సు. చేతిలో కాసు లేదు. అప్పుడు మంచు కురిసి, తునుకలు కొన్ని ఆయన కోటుపై నిలిచెను. చూచిన వాటికెల్ల ఆరే కోణములు! అయిదును గాక, ఏడును గాక, ఆరే యెందులకు? ఆ ప్రశ్నను పట్టుకొని ఒక చిన్న పుస్తకము వ్రాసి మిత్రునకు కానుకగా ఇచ్చెను. తేనెపట్టు గదులును, దానిమ్మగింజల అమరికయు, రాశిగా పేర్చిన గుండ్లును అందు ప్రస్తావించి, తుదకు కారణము తనకు దొరకలేదని ఒప్పుకొనెను. వినోదముతో వ్రాసిన ఆ పుస్తకము 1611లో అచ్చయ్యెను.

ఆ 1611వ సంవత్సరము ఆయన పాలిట ఎట్టిదో చూడుడు. ఆ యేటి మొదటనే ఇంటిలో ముగ్గురు పిల్లలకు మశూచి సోకెను. తన కన్నులను చెఱచిన ఆ వ్యాధియే ఫిబ్రవరిలో ఆఱేండ్ల ఫ్రెడరిక్‌ను పొట్టన బెట్టుకొనెను. తల్లిదండ్రుల ప్రాణములన్నియు ఆ బాలునిపైననే ఉండెను. ఆ దినములలోనే సేనలు ప్రాగ్‌లో చొరబడి వీధులలో రక్తము పారించెను. సైనికుల వెంట విషజ్వరము వచ్చెను. పుత్రశోకముతో కృశించియున్న బార్బరా జూలైలో ఆ జ్వరముచే మరణించెను. ఆదరించిన చక్రవర్తి రాజ్యభ్రష్టుడై, 1612 జనవరిలో కన్ను మూసెను. మిగిలిన ఇద్దఱు పిల్లలను ఒక వితంతువు ఇంట తాత్కాలికముగా విడిచి, కెప్లరు ఆస్ట్రియాలోని లింట్జ్ నగరమునకు జిల్లా గణితవేత్తగా వెడలెను. తన మతాచార్యులే, ఒక సిద్ధాంత వాక్యమునకు ఆయన సమ్మతి తెలుపలేదను కారణమున, ప్రార్థనామందిరపు పంక్తి ప్రసాదమునకు అక్కడ ఆయనను దూరము చేసిరి. ఒక పక్షము మతము మార్చుకొనలేదని వెడలగొట్టగా, స్వపక్షము పంక్తినుండి లేపెను. ఆయన ఎవరిని ద్వేషింపలేదు.

1613లో సుసన్నా అను అనాథ యువతిని మరల వివాహమాడెను. ఇంటికి ద్రాక్షసారాయి పీపాలు కొనగా, వర్తకుడు ఒక బద్దను పీపాలోనికి ఏటవాలుగా దింపి వెల కట్టెను. పొట్టి పీపాకును పొడుగు పీపాకును బద్ద ఒక్కటే యెట్లగునని కెప్లరునకు సందేహము కలిగి, 1615లో పీపాల ఘనపరిమాణమును గూర్చి ఏకముగా ఒక గ్రంథమే ప్రకటించెను. నేటి సమాకలన గణితమునకు దారి తీసిన రచనలలో అదియు నొకటి.

ఆ 1615లోనే పిడుగువంటి వార్త వచ్చెను. లియోన్‌బెర్గ్‌లో ఉర్సులా రైన్‌బోల్డ్ అను స్త్రీ, కాథరీనా ఇచ్చిన పానీయము త్రాగి తాను రోగినైతిననియు, ఆమె మంత్రగత్తె యనియు ఆరోపించెను. ఆ కాలమున ఈ ఒక్క మాట చాలును, మనిషిని కాల్చివేయుటకు. చిన్నతనమున కాథరీనాను పెంచిన బంధువు ఒకతె అట్లే కాల్చబడినదని లోకులు చెప్పుకొనెడివారు. కెప్లరునకు మఱియొక బాధయు కలిగెను. ఆయన ఒకప్పుడు చంద్రలోకయాత్రను గూర్చి ఒక కల్పిత కథ వ్రాసి యుండెను. అందలి నాయకుని తల్లి ఔషధులు అమ్ముకొనుచు భూతములతో మాటలాడునట్టిది. ఆ వ్రాతప్రతి చేతులు మారి, ఈ వదంతికి ఆజ్యము పోసెనేమోయని ఆయన లోలోన కుమిలెను.

1617లో, కన్నబిడ్డతో సమానముగా చూచుకొన్న రెజీనా మరణించెను. అదే సంవత్సరమున రెండేండ్ల మార్గరేట్ మరణించెను. ఆ శరత్కాలమున కెప్లరు తల్లి వ్యాజ్యము నిమిత్తము వుర్టెంబర్గునకు ప్రయాణమై పోవుచు, దారిలో చదువుటకు ఒక పుస్తకము వెంట తీసికొనెను. అది గెలీలియో తండ్రి విన్సెంజో సంగీతశాస్త్రమును గూర్చి వ్రాసినది. తల్లిని చితినుండి తప్పింపబోవువాడు సంగీతము చదువుట విపరీతముగా తోచవచ్చును. నాకు మాత్రము అది సహజముగనే తోచుచున్నది. ఆయన మనస్సు నిలువవలెనన్న, చెడని దేదియో ఒకటి దానికి పట్టుకొమ్మ కావలసియుండెను.

1618 ఫిబ్రవరిలో పసిబిడ్డ కాథరీనా మరణించెను. నాయనమ్మ పేరు పెట్టిన బిడ్డ. ఆ సమయమున కెప్లరు చేయవలసిన రాచకార్యము గ్రహగతుల పట్టికలను పూర్తిచేయుట. ఆ నీరసపు కూడికలకు ప్రశాంతమైన మనస్సు కావలెను. అది లేదు గనుక, వాటిని ప్రక్కకు నెట్టి, ఇరువది యేండ్లుగా తలపోయుచున్న విశ్వసామరస్య గ్రంథమును చేత బట్టెను. దుఃఖితుడు సులభమైన పనిని కోరుట లోకరీతి. ఈయన తనకున్న వానిలో కడు కఠినమైన దానిని, కడు సుందరమైన దానిని ఎన్నుకొనెను.

మార్చి 8వ తేదీన ఒక ఊహ స్ఫురించెను. లెక్కలో పొరపాటు దొరలుటచే తప్పని త్రోసివేసెను. మే 15వ తేదీన అదే ఊహ మరల వచ్చెను. ఈ మారు లెక్క సరిపోయెను. కల గంటినాయని తన్ను తానే శంకించుకొనునంత ఆనందము కలిగెను. అదియే మూడవ నియమము. గ్రహము సూర్యుని చుట్టివచ్చు కాలపు వర్గము, సూర్యునినుండి దాని సగటు దూరపు ఘనమునకు అనుపాతముగా నుండును. మన పుష్కరముల లెక్కతో ఇది తేలికగా తెలియును. గురుడు రాశికొక సంవత్సరము చొప్పున పండ్రెండు రాశులు తిరిగివచ్చుటచే ఒక నదికి పండ్రెండేండ్లకొకసారి పుష్కరము వచ్చును. కచ్చితముగా చెప్పిన ఆ కాలము 11.86 సంవత్సరములు. దాని వర్గము 140.7. సూర్యునినుండి గురుని దూరము భూమి దూరమునకు 5.2 రెట్లు. దాని ఘనము 140.6. కుజునకు, శనికి, ఏ గ్రహమునకు చూచినను ఇంతే. గ్రహములు ఒక్కొక్కటి తన త్రోవను తాను పోవుచున్నట్లు కనబడును గాని, అన్నిటిని పట్టియుంచు త్రాడు ఒక్కటే యని తేలెను. తరువాతి కాలమున న్యూటను గురుత్వాకర్షణ సిద్ధాంతమునకు ఇదియే ఊతయయ్యెను.

ఆ మే 15వ తేదీకి సరిగా ఎనిమిదవ దినమున, 23వ తేదీన, ప్రాగ్ కోటలో చక్రవర్తి ప్రతినిధులను కిటికీనుండి క్రిందికి త్రోసివేసిరి. ముప్పది యేండ్ల యుద్ధము మొదలయ్యెను. జర్మనీ శ్మశానమైపోయెను.

1619లో అచ్చయిన ఆ సామరస్య గ్రంథమున ఒక వింత కలదు. గ్రహము సూర్యునికి దగ్గరగా నున్నప్పటి వేగమును దూరముగా నున్నప్పటి వేగమును పోల్చి, ఆ నిష్పత్తికి తగిన స్వరములను కెప్లరు నిర్ణయించెను. చెవికి వినబడు పాట కాదు, బుద్ధికి మాత్రమే వినబడు పాట. భూమి వేగములోని హెచ్చుతగ్గులు మిక్కిలి స్వల్పము. మన సంగీతమున అంతర గాంధారమునకును శుద్ధ మధ్యమమునకును గల ఎడమెంతయో, దాని పాట అంతలోనే యుండును. పాశ్చాత్యులు ఆ స్వరములను మి, ఫా యందురు. ఆ రెండక్షరములలో ఆయనకు దైన్యము, కరవు అను అర్థములు గల రెండు లాటిన్ పదములు వినబడెను. విశ్వమంతయు సంగీతమే యని వ్రాయుచున్నవాడు, తాను నిలిచియున్న నేల పాటలోని ఏడ్పును దాచలేదు. ఈ ఒక్క సంగతిచేతనే ఆ గ్రంథమునందు నాకు గురి కుదిరినది.

ఇక తల్లి కథ. 1620 ఆగస్టులో రాత్రివేళ అధికారులు కూతురింటికి వచ్చి, డెబ్బది దాటిన ఆ వృద్ధురాలిని ఒక పెట్టెలో పెట్టి మోసికొనిపోయిరి. పదునాలుగు మాసములు ఇనుప గొలుసులతో బంధించిరి. కొడుకు లింట్జ్‌నుండి వచ్చెను. మంత్రగత్తె పక్షమున నిలుచుట తనకును అపాయమే. అయినను సాక్షుల మాటలలోని వైరుధ్యములను, రోగములకు గల సహజ కారణములను ఒక్కొక్కటిగా ఎత్తిచూపుచు, నూట యిరువది పుటలకు పైబడిన ప్రతివాదము సిద్ధపరచెను. కుజుని విషయమున ఎనిమిది కలలను విడువనివాడు ఇక్కడ ఒక్క సాక్షిని విడుచునా! 1621 సెప్టెంబరులో తుది పరీక్షగా తల్లిని హింసాశాలకు కొనిపోయి, తలారిచే పనిముట్లను చూపించి, ఒప్పుకొనుమని గద్దించిరి. చంపినను సరే, చేయని దానిని ఒప్పుకొననని ఆమె నిలిచెను. అక్టోబరులో విడుదలయై, 1622 ఏప్రిలులో మరణించెను. తోకచుక్కకు భయపడని స్త్రీ తలారికి మాత్రము భయపడునా?

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పుదును. 1623లో నాలుగేండ్ల సెబాల్డ్ మరణించెను. 1626లో తిరుగుబాటు చేసిన రైతులు లింట్జ్‌ను ముట్టడించినప్పుడు ముద్రణాలయము కాలిపోయెను. వ్రాతప్రతి దక్కెను. దానిని తీసికొని ఆయన ఉల్మ్ నగరమునకు పోయి, 1627లో గ్రహగతుల పట్టికలను అచ్చు వేయించెను. టైకో కొలతలును, స్కాట్లండు దేశీయుడు నేపియరు కనిపెట్టిన సంవర్గమానములును కలసి వాటికి మునుపు లేని కచ్చితత్వము నిచ్చెను. మఱుసటి యేడు సేనాపతి వాలెన్‌స్టయిన్ ఆశ్రయమున సాగన్ పట్టణమునకు చేరెను. చక్రవర్తుల ఖజానానుండి రావలసిన జీతపు బాకీ దాదాపు పండ్రెండు వేల నాణెములకు చేరియుండెను. దానిని అడుగుటకు 1630 శరత్కాలమున బక్కచిక్కిన గుఱ్ఱమునెక్కి రేగెన్స్‌బుర్గ్ నగరమునకు పోయి, జ్వరముచే పడకబట్టి, నవంబరు 15వ తేదీన తన యేబది తొమ్మిదవ యేట కన్ను మూసెను. ఊరి వెలుపల పాతిపెట్టిరి. కొలది యేండ్లలోనే యుద్ధమున ఆ శ్మశానము ధ్వంసమగుటచే సమాధి జాడ కూడ మిగులలేదు.

1631 నవంబరు 7వ తేదీన బుధుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవునని కెప్లరు ముందుగనే ప్రకటించియుండెను. అట్టి దృశ్యమును అంతకుమునుపు ఎవ్వరు నిశ్చయముగా చూచి యుండలేదు. ఆ దినమున పారిస్ నగరమున గస్సెండీ అను పండితుడు దూరదర్శినిద్వారా సూర్యబింబమును ఒక తెల్లని తెరపై పడునట్లు చేసి కాచుకొనెను. ఆకాశము మబ్బు పట్టి తెరపి యిచ్చుచుండెను. ఒక నల్లని చుక్క కనబడెను. మిక్కిలి చిన్నదగుటచే మొదట అది సూర్యునిపై మచ్చ యనుకొనెను. మరల చూచునప్పటికి చుక్క కదలియుండెను. కెప్లరు మరణించి అప్పటికి ఏడాదికి ఎనిమిది దినములు తక్కువ.